హార్ట్ ఫెయిల్యూర్: ఒళ్ళు తేలికపడిందని మాత్రలు ఆపితే ఏమవుతుంది?

డిశ్చార్జ్ కాగితం మీద 'హార్ట్ ఫెయిల్యూర్' అన్న మాట చూడగానే ఇంటిల్లిపాదికీ కాళ్ళు చేతులు ఆడవు. ఫెయిల్ అంటే మనకు తెలిసిన అర్థం ఒకటే కదా. పిల్లాడు పరీక్ష ఫెయిల్, బోరు ఫెయిల్, పంట ఫెయిల్. అలాగే గుండె కూడా ఆగిపోయిందనో, ఇవాళో రేపో ఆగిపోతుందనో అనుకుంటారు. డాక్టర్లు ఆ మాట వాడేది అలాంటి అర్థంలో కాదు. శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె తోయలేకపోతోంది, అందువల్ల ఊపిరితిత్తుల్లోనూ కాళ్ళలోనూ నీరు నిలుస్తోంది అని దాని అర్థం. గుండె ఆగలేదు, బలహీనపడింది.

ఇది మొదటి అపార్థం. రెండోది నెల రోజుల తర్వాత వస్తుంది. కాళ్ళ వాపు తగ్గుతుంది, రాత్రి నిద్ర పడుతుంది, మెట్లెక్కితే ఆయాసం రాదు. 'అల్‌హందులిల్లాహ్, నయమైపోయింది' అనుకుని మాత్రలు ఒక్కొక్కటిగా మానేస్తారు. గత కొన్నేళ్ళలో మన దేశంలోనూ బయటా జరిగిన పరిశోధనలు చూస్తే, ఈ రెండో అపార్థం ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది.

మిర్చి ఘాటా, పత్తి దుమ్మా, గుండె జబ్బా?

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆయాసానికి కారణాలు వెతకనక్కర్లేదు. ఆసియాలోనే పెద్దదిగా పేరున్న గుంటూరు మిర్చి యార్డులో అడుగు పెడితే ఎవరికైనా దగ్గు వస్తుంది. కళ్ళాల్లో కాయ ఆరబోసేవారికి, తొడిమలు తీసే ఆడవాళ్ళకు, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవారికి, తరతరాలుగా దూది ఏకిన కుటుంబాలకు దుమ్ము కొత్త కాదు. పత్తి దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందన్నదీ నిజమే. అందుకే ఇక్కడ ఎవరికి ఆయాసం వచ్చినా ముందు 'దుమ్ము పడలేదు' అంటారు, ఆ తర్వాత 'ఉబ్బసం' అంటారు. దగ్గరలో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, నాలుగు రోజుల మాత్రలు. అలా నెలలు గడిచిపోతాయి.

గుండె బలహీనత వల్ల వచ్చే ఆయాసానికి కొన్ని గుర్తులున్నాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, రెండు మూడు దిండ్లు పెట్టుకోవాల్సి వస్తుంది. రాత్రి ఒంటిగంటకో రెండింటికో ఉలిక్కిపడి లేచి కిటికీ దగ్గర కూర్చోవాలనిపిస్తుంది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు బిగుసుకుంటాయి. తిండి పెరగకపోయినా బరువు పెరుగుతుంది. నమాజ్‌లో సజ్దా నుంచి లేచేసరికి రొప్పు వస్తుంది. నిన్నటిదాకా చేసిన పని ఇవాళ చేయలేకపోతారు.

ఇలాంటివి కనిపిస్తే అది ఊపిరితిత్తులదా గుండెదా అని ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఈసీజీ, ఎకో, అవసరమైతే బీఎన్‌పీ అనే రక్తపరీక్ష చేస్తే చాలావరకు తేలిపోతుంది. తేల్చుకోకుండా వాడే మందులు మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. ఒళ్ళునొప్పులకు అలవాటుగా మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు, ఆయాసానికి ఇష్టమొచ్చినట్టు వాడే స్టెరాయిడ్లు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడతాయి. బలహీనపడిన గుండె మీద ఆ భారం కూడా పడుతుంది.

రిపోర్టులో 'ఈఎఫ్ 35' అంటే?

గుండె ఒక కండరం. పిడికిలి బిగించి వదిలినట్టు నిమిషానికి డెబ్బై ఎనభై సార్లు బిగుసుకుని వదులుతుంది. గుండెపోటు వచ్చి రక్తనాళం మూసుకుపోతే ఆ భాగంలో కండరం చచ్చిపోతుంది. బీపీ ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే కండరం మందమై, చివరకు అలసిపోతుంది. రక్తనాళాలు బాగానే ఉన్నా కండరమే జబ్బు పడే సందర్భాలూ ఉన్నాయి. దాన్నే కార్డియోమయోపతి అంటారు. కొందరిలో గుండె గదులు సాగిపోయి గోడలు పల్చబడతాయి. కొందరిలో గోడలు అవసరానికి మించి దళసరి అవుతాయి. వంశంలో వచ్చే జన్యులోపం, వైరస్ జ్వరం తర్వాత గుండెకు వచ్చే వాపు, మద్యం, కొన్ని క్యాన్సర్ మందులు, కాన్పు వంటివి దీనికి కారణాలు కావచ్చు.

ఎకో రిపోర్టులో కనిపించే ఈఎఫ్ అనే అంకె దగ్గర చాలామంది పొరబడతారు. ఈఎఫ్ 35 అంటే గుండె 35 శాతమే మిగిలింది, 65 శాతం పోయింది అనుకుంటారు. అలా కాదు. గుండె కింది గది నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఒక్క దెబ్బకు ఎంత శాతం బయటికి వెళ్తుందో చెప్పేదే ఈఎఫ్. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా నూటికి నూరు తోయదు, 55 నుంచి 70 మధ్య తోస్తుంది. 40 లేదా అంతకంటే తక్కువైతే తోసే బలం తగ్గినట్టు లెక్క. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ అంకె స్థిరం కాదు. సరైన మందులతో 25 ఉన్నది 45కు, 50కి పెరిగినవారు ఎందరో ఉన్నారు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

కోస్తా ఆంధ్రలో గుండె జబ్బులు పట్నాలకే పరిమితం కావని ఇరవై ఏళ్ళ కిందే తేలింది. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఒక ఏడాది పాటు జరిగిన ప్రతి చావుకూ కారణం ఏమిటని ఇంటింటికీ తిరిగి రాశారు. 1,80,000 మంది జనాభాలో 1,354 మరణాలు నమోదయ్యాయి. వాటిలో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల జరిగినవే.

అయితే గుండె బలహీనపడిన తర్వాత మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడు, ఏది అతన్ని బతికిస్తుంది అన్న ప్రశ్నకు మన దేశంలో చాలాకాలం సరైన లెక్క లేదు. ఆ లోటు తీర్చిన పని తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ ఎస్. హరికృష్ణన్ బృందం చేసింది. 2013లో ఆ జిల్లా ఆస్పత్రుల్లో హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరిన 1,205 మంది పేర్లు రాసుకుని, ఐదేళ్ళపాటు వారి బాగోగులు కనుక్కుంటూ వచ్చారు. చేరినవారి సగటు వయసు 61. యూరప్, అమెరికా రోగులతో పోలిస్తే దాదాపు పదేళ్ళు తక్కువ. అంటే మన దగ్గర ఈ జబ్బు ఇంకా ఇల్లు నడుపుతున్న మనిషిని పట్టుకుంటోంది.

ఆస్పత్రిలో ఉండగా చనిపోయినవారు నూటికి ఎనిమిది తొమ్మిది మంది. ఐదేళ్ళు పూర్తయ్యేసరికి ఆ సంఖ్య నూటికి 59కి చేరింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆస్పత్రిలో పోయింది తొమ్మిది మందైతే, ఇంటికి వచ్చాక పోయింది యాభై మంది. ఐసీయూ ముందు దువా చేస్తూ గడిపిన ఆ వారం రోజులే గండం అనుకుంటాం. అసలు గండం ఆ తర్వాతి నెలల్లో, ఏళ్ళలో ఉంది.

తర్వాత ఐసీఎంఆర్ సాయంతో ఇదే పని దేశమంతటికీ విస్తరించింది. 53 ఆస్పత్రుల నుంచి 10,851 మంది రోగుల వివరాలు జాతీయ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో చేరాయి. వీరిలో నూటికి డెబ్బైమందికి పైగా మూలకారణం గుండె రక్తనాళాల జబ్బు. తర్వాతి స్థానం గుండె కండరం సాగిపోయే జబ్బుది. ఆస్పత్రిలో చేరిన 90 రోజుల్లోపే నూటికి 14 మంది చనిపోయారు. తోసే బలం తగ్గినవారిలో, అంతర్జాతీయంగా సిఫారసు చేసిన మందులు పూర్తిగా అందినవారు సగం కంటే తక్కువ. చదువు తక్కువ ఉన్నవారిలో మరణాలు ఎక్కువ. జబ్బు తీవ్రతతో పాటు, దాని గురించి ఇంట్లో ఎంత తెలుసు అన్నది కూడా ప్రాణాలను నిర్ణయిస్తోందన్నమాట.

ఇతర దేశాలతో పోల్చినా ఇదే కనిపిస్తుంది. 16 దేశాల్లో 5,823 మందిని పరిశీలించి 2017లో వెలువడిన ఇంటర్-సీహెచ్‌ఎఫ్ అధ్యయనంలో, ఏడాది లోపు చనిపోయినవారు మన దేశంలో నూటికి 23 మంది, చైనాలో 7 మంది.

ఆయాసం తగ్గించే మాత్ర వేరు, ఆయువు పెంచే మాత్ర వేరు

మాత్రలు ఎందుకు ఆపేస్తారో అర్థం కావాలంటే ఒక తేడా తెలియాలి. డిశ్చార్జ్ అయినప్పుడు ఇచ్చే మందుల్లో నీటి మాత్ర ఒకటి ఉంటుంది. ఫ్యురోసెమైడ్, టార్సెమైడ్ లాంటి పేర్లతో వస్తుంది. అది వేసుకున్న రెండు మూడు గంటల్లో మూత్రం వెళ్ళి, వాపు దిగి, ఊపిరి తేలికవుతుంది. పనిచేసిందని రోగికి స్వయంగా తెలుస్తుంది. కాబట్టి దాన్ని ఎవరూ అంత తొందరగా మానరు. కానీ అది నిలిచిన నీటిని తోడుతుందే తప్ప కండరాన్ని బాగుచేయదు.

కండరాన్ని కాపాడి ఆయువు పెంచే మందులు వేరే నాలుగు రకాలు. వాటి పని బయటికి కనిపించదు. పైగా మొదట్లో కొంత నీరసం, తల తిరగడం అనిపించవచ్చు. సరిగ్గా అందుకే 'ఇవి పడటం లేదు' అని వాటినే ముందు మానేస్తారు.

మొదటి రకం ఎనలాప్రిల్ లాంటివి. 1987లో స్కాండినేవియా దేశాల్లో బాగా ముదిరిన రోగుల మీద చేసిన పరీక్షలో, ఆరు నెలల్లో చనిపోయేవారు నూటికి 44 నుంచి 26కు తగ్గారు. ఇప్పుడు దీని స్థానంలో శాక్యుబిట్రిల్-వాల్సార్టన్ అనే జోడు మందు కూడా వచ్చింది. 2014లో 8,442 మందితో చేసిన పరీక్షలో అది ఎనలాప్రిల్ కంటే మెరుగని తేలింది.

రెండో రకం బీటా బ్లాకర్లు. మెటోప్రొలాల్, కార్వెడిలాల్, బైసొప్రొలాల్ ఇందులోవి. వీటి కథ చెప్పుకోదగ్గది. ఇవి గుండె వేగాన్ని తగ్గిస్తాయి గనుక బలహీన గుండెకు విషం లాంటివని ఒకప్పుడు వైద్యులే నమ్మేవారు. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు గుండె కండరం సాగిపోయిన ఏడుగురు రోగులకు వీటిని జాగ్రత్తగా ఇచ్చి చూసి, మెరుగుపడ్డారని రాశారు. చాలామంది నమ్మలేదు. 1999లో దాదాపు నాలుగు వేల మందితో మెటోప్రొలాల్ మీద జరిగిన పరీక్షలో మరణాలు మూడో వంతు తగ్గాక గానీ సందేహాలు తీరలేదు.

మూడోది స్పైరొనొలాక్టోన్. 1999లో 1,663 మంది మీద చేసిన పరీక్షలో మరణాలను 30 శాతం తగ్గించింది. చాలా పాత మందు, చవకైనది. నాలుగోది డాపాగ్లిఫ్లోజిన్ రకం. ఇది షుగర్ మాత్రగా పుట్టింది. అందుకే మందుల షాపులో అడిగి తెలుసుకుని 'నాకు షుగర్ లేదే, ఇదెందుకు రాశారు' అని పక్కన పెట్టేసేవారు ఉన్నారు. 2019లో వచ్చిన డాపా-హెచ్‌ఎఫ్ పరీక్షలో షుగర్ లేనివారిలో కూడా ఇది గుండెకు మేలు చేసింది. 2020లో మన దేశంలో దీని పేటెంట్ ముగిసి, ధర బాగా దిగింది.

ఈ నాలుగూ ఒకేసారి పూర్తి మోతాదులో ఇవ్వరు. బీపీ, కిడ్నీ పరీక్షలు, రక్తంలో పొటాషియం చూసుకుంటూ పెంచుతారు. ఇక్కడే తిరిగి ఆస్పత్రికి వెళ్ళడం ముఖ్యం. 2022లో వెలువడిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ పరీక్షలో, డిశ్చార్జ్ అయిన రెండు వారాల్లోనే మందులను పూర్తి మోతాదుకు తెచ్చి, తరచూ పిలిచి చూసినవారిలో ఆరు నెలల్లో మరణమో, మళ్ళీ ఆస్పత్రి పాలవడమో నూటికి 15 మందికి జరిగింది. మామూలుగా వదిలేసినవారిలో 23 మందికి. 'మళ్ళీ రమ్మంటే డబ్బుల కోసమే' అనుకుని ఆ రెండు వారాల చెకప్ ఎగ్గొట్టేముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

పూర్తిగా బాగైనవారు ఆపితే?

ఈఎఫ్ మామూలు స్థాయికి వచ్చేసింది, ఆయాసం లేదు, అప్పుడైనా ఆపొచ్చా? ఇది న్యాయమైన ప్రశ్నే. లండన్‌లో వైద్యులు దీనినే పరీక్షించారు. ట్రెడ్-హెచ్‌ఎఫ్ అని పేరున్న ఆ పరీక్ష ఫలితాలు 2018 చివర్లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. గుండె కండరం సాగిపోయే జబ్బు వచ్చి, మందులతో ఈఎఫ్ 50 దాటి, ఏ లక్షణమూ లేకుండా ఉన్న 51 మందిని తీసుకున్నారు. 25 మందికి డాక్టర్ల కళ్ళెదుటే కొద్దికొద్దిగా మందులు తగ్గించి ఆపారు. మిగతా 26 మందికి కొనసాగించారు.

ఆరు నెలల్లో మందులు ఆపినవారిలో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవారిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు.

గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, వీరంతా కోలుకున్నవారిలో కెల్లా బాగా కోలుకున్నవారు. ఆపింది కూడా నిపుణుల పర్యవేక్షణలో, స్కానింగులు తీస్తూ. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒక్కరోజులో ఆపేసేవారి సంగతి వేరే చెప్పాలా? ఈ జబ్బు తగ్గినట్టు కనిపించినప్పుడు చాలాసార్లు అది పోయింది కాదు, మందుల అదుపులో ఉంది. బీపీ, షుగర్ మాత్రలలాగే వీటినీ చూడాలి.

ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావారి సంగతి?

కండరం జబ్బు విషయంలో మన తెలుగు నేల నుంచే ఒక పెద్ద పరిశోధన వచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్ తదితరులు 2009లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక సంగతి ప్రకటించారు. గుండె కండరంలోని ఒక ప్రొటీన్‌ను తయారు చేయించే ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలంత ముక్క ఊడిపోయిన లోపం భారత ఉపఖండ జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఉంది. గుండె కండరం జబ్బు ఉన్నవారిలో ఈ లోపం మరీ ఎక్కువగా కనిపించింది. ఇది దాదాపు 33,000 ఏళ్ళ కిందటిదని వారి అంచనా. అంటే ఇప్పటి కులాలూ మతాలూ ఏర్పడకముందు నుంచే ఉంది. ఏ ఒక్క వర్గానికో అంటగట్టడానికి లేదు.

తర్వాత వచ్చిన పరిశోధనలు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేశాయి. ఈ లోపం ఉన్న చాలామందికి జీవితాంతం జబ్బు రాకపోవచ్చు. దానితో పాటు అదే జన్యువులో ఇంకో మార్పు కూడా కలిసి ఉన్నవారిలోనే ముప్పు ఎక్కువని 2018, 2020 నాటి అధ్యయనాలు సూచించాయి. కాబట్టి నూటికి నలుగురు భయపడాల్సిన పని లేదు.

కానీ కుటుంబంలో ఒకరికి కండరం జబ్బు అని నిర్ధారణ అయితే మాత్రం రోగి తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు ఒకసారి ఈసీజీ, ఎకో చేయించుకోవాలి. చిన్న వయసులోనే ఎవరైనా హఠాత్తుగా కుప్పకూలి పోయిన చరిత్ర ఇంట్లో ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. 'గాలి సోకింది', 'నజర్ తగిలింది' అని వదిలేసిన చావుల్లో ఇలాంటివి ఉండవచ్చు. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఉన్న కుటుంబాల్లో ఒకే లోపం అటు నుంచీ ఇటు నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఉంటుంది, అలాంటప్పుడు జబ్బు చిన్న వయసులో, తీవ్రంగా రావచ్చు. అలాంటి ఇళ్ళలో ఈ పరీక్షలు ఇంకా అవసరం. ఇది కోడలి తరఫు తప్పో, అల్లుడి తరఫు తప్పో కాదు. ముందే తెలిస్తే ముందే మందు మొదలవుతుంది, అంతే.

బాలింతల ఆయాసాన్ని తేలిగ్గా తీసుకోవద్దు

గర్భం చివరి నెలలోనూ, కాన్పు అయిన ఐదు నెలల్లోపూ కొందరు ఆడవాళ్ళకు గుండె కండరం హఠాత్తుగా బలహీనపడుతుంది. అంతకుముందు ఏ గుండె జబ్బూ ఉండదు. పాదాల వాపు, నీరసం, నిద్ర లేకపోవడం బాలింతలకు మామూలే గనుక ఇంట్లో పెద్దవాళ్ళు పట్టించుకోరు. కానీ పడుకుంటే ఊపిరాడకపోవడం, రాత్రి దగ్గు, కూర్చునే నిద్రపోవడం మామూలు కాదు. వెంటనే ఎకో చేయించాలి. తొందరగా పట్టుకుంటే వీరిలో చాలామంది కోలుకుంటారు. అయితే మళ్ళీ గర్భం దాలిస్తే తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది. పైగా గుండెకు వాడే కొన్ని మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. అందువల్ల తర్వాతి కాన్పు గురించి భార్యాభర్తలిద్దరూ డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయించుకోవాలి.

రంజాన్‌లో ఏం చేయాలి?

మన ఇళ్ళలో మాత్రలు తప్పే నెల ఏదంటే రంజాన్ అనే చెప్పాలి. గుండె జబ్బు ఉన్నా రోజా వదలడానికి పెద్దవాళ్ళ మనసు ఒప్పుకోదు. ఇప్పుడు రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. ఈ ప్రాంతంలో అది మిరప కోతలు, కళ్ళాల పని జోరుగా సాగే కాలం కూడా. రోజా, ఎండ, కూలిపని మూడూ కలుస్తాయి.

ఖతార్‌లో 1991 నుంచి 2001 దాకా పదేళ్ళ ఆస్పత్రి రికార్డులు చూసినప్పుడు, రంజాన్ నెలలో హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరినవారి సంఖ్య మిగతా నెలల కంటే పెద్దగా పెరగలేదని తేలింది. జబ్బు నిలకడగా ఉన్నవారు డాక్టర్ సలహాతో రోజా ఉండగలరన్న ఆశను ఇది ఇస్తుంది. కానీ ఇది అందరికీ వర్తించదు. ఈమధ్యే ఆస్పత్రిలో చేరి వచ్చినవారు, కూర్చున్నా ఆయాసం వచ్చేవారు, కిడ్నీలు దెబ్బతిన్నవారు, నీటి మాత్రలు ఎక్కువ మోతాదులో వాడేవారు రోజా ఉంటే ప్రమాదం. రోగికి సడలింపు దీన్‌లోనే ఉంది. కోలుకునేవారికి తర్వాత కజా చేసుకునే వీలుంది, ఇక కోలుకోలేరనుకున్నవారికి ఫిద్యా ఉంది. దీని వివరాలు నమ్మకమైన ఆలిమ్‌ను అడగవచ్చు. అయితే ఆలిమ్‌ను అడిగేముందు డాక్టర్‌ను అడగాలి. ఎందుకంటే 'నీ ఒంటికి హాని ఉందా' అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది వైద్యుడే.

రోజా ఉండాలనుకునేవారు రంజాన్‌కు నెల రెండు నెలల ముందే డాక్టర్‌ను కలవాలి. రోజుకు రెండుసార్లు వేసుకునే మందులను సహరీకీ ఇఫ్తార్‌కూ మార్చడం చాలావరకు కుదురుతుంది. నీటి మాత్రను ఎప్పుడు వేసుకోవాలో, డాపాగ్లిఫ్లోజిన్‌ను కొనసాగించాలో లేదో డాక్టరే చెప్పాలి. ఇఫ్తార్‌లో ఉప్పు ఎక్కువగా ఉండే సమోసాలు, పకోడీలు, హలీం తిని, ఆపైన లోటాలు లోటాలు షర్బత్ తాగితే ఆ రాత్రే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఖర్జూరం, కొబ్బరినీళ్ళలో పొటాషియం ఉంటుంది. స్పైరొనొలాక్టోన్ వాడేవారు, కిడ్నీ సమస్య ఉన్నవారు రక్తపరీక్ష చూపించి ఎన్ని తినొచ్చో అడగాలి. రెండు మూడు ఖర్జూరాలకు డాక్టర్లు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. రోజా మధ్యలో ఆయాసం, కళ్ళు తిరగడం, ఛాతీలో నొప్పి వస్తే ఇఫ్తార్ దాకా ఆగకూడదు.

ఇంట్లో చేయగలిగినవి

రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని క్యాలెండర్ మీద రాసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరే. ఊపిరాడని స్థితి వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఈ ఒక్క అలవాటు ఎన్నో రాత్రుల ఆటో ప్రయాణాలను తప్పిస్తుంది.

రెండోది ఉప్పు. గుంటూరు కారం మీద అందరి కన్నూ ఉంటుంది గానీ, గుండెకు శత్రువు కారం కన్నా దాని వెంట వచ్చే ఉప్పు. గోంగూర పచ్చడి, పండుమిరప పచ్చడి, ఆవకాయ, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, అప్పడాలు, ఇవన్నీ ఉప్పు మీదే నిలిచేవి. కూరలో ఉప్పు తగ్గించి పక్కన రెండు రకాల పచ్చళ్ళు పెట్టుకుంటే ఫలితం ఉండదు.

మూడోది ఖర్చు. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్లు, ఆస్పత్రి ఖర్చులు తీరవచ్చు. నెలనెలా కొనే మాత్రల భారం మాత్రం ఎక్కువగా ఇంటి మీదే పడుతుంది. కోతల కాలంలో కొని, పనుల్లేని నెలల్లో ఆపేయడం చాలా ఇళ్ళలో జరిగేదే. డబ్బు ఇబ్బంది ఉందని డాక్టర్‌కు సిగ్గుపడకుండా చెప్పాలి. ఎనలాప్రిల్, మెటోప్రొలాల్, స్పైరొనొలాక్టోన్ లాంటి పాత మందులు జన్ ఔషధి దుకాణాల్లోనూ ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ తక్కువకో ఉచితంగానో దొరకవచ్చు. ఖరీదైన మందు నెల వాడి ఆపేయడం కన్నా చవక మందు ఏళ్ళ తరబడి వాడటం వెయ్యి రెట్లు నయం.

మందులకు లొంగనంతగా ముదిరినవారికి చివరి దారి గుండె మార్పిడి. డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే బృందం 2016లో గుంటూరు ప్రభుత్వ సర్వజనాస్పత్రిలోనే ఆ ఆపరేషన్ చేసి, పేదవాడికీ అది అందని పండు కాదని చూపింది. కానీ దాత గుండె దొరకడం అరుదు, ఎదురుచూసేవారు ఎక్కువ. వేలమందికి అందుబాటులో ఉన్నది ఆ నాలుగు రకాల మాత్రలే.

తదుపరి చెకప్‌కు వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఇప్పుడు ఈఎఫ్ ఎంత? ఆ నాలుగు రకాల మందుల్లో నాకు ఎన్ని రాశారు, మిగతావి ఎందుకు రాయలేదు? మళ్ళీ ఎప్పుడు రావాలి? రోగికి చదువు రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లనో పిల్లాడినో వెంట తీసుకెళ్ళండి. మాత్రల డబ్బా మీద పొద్దున, రాత్రి అని తెలుగులోనో ఉర్దూలోనో రాసి పెట్టడం ఆ పిల్లలు చేయగలిగిన పనే.